బేరం, ఆస్తి, ఆడపిల్ల

‘కన్యాశుల్కం’ నాటకాన్ని సంస్కరణ కోసం చదివినవాళ్లున్నారు, భాష కోసం చదివినవాళ్లున్నారు. నేను దాన్ని ఒప్పందాలూ ఆస్తుల నాటకంగా చదువుతున్నాను. అగ్నిహోత్రావధాన్లు చిన్నకూతురు సుబ్బిని 1800 రూపాయలకు ముసలి లుబ్ధావధాన్లుకివ్వడానికి బేరం కుదుర్చుకుంటాడు. పెద్దకూతురు బుచ్చమ్మ వితంతువై అప్పటికే పుట్టింట్లో ఉంది.

ఇది కల్పన మాత్రమే కాదు. ఆనాటి విశాఖపట్నం జిల్లాలో జరిగిన ఇలాంటి పెళ్లిళ్ల జాబితాను విజయనగరం మహారాజు ఆనంద గజపతి తయారు చేయించారు. గురజాడ 1897లో తన ముందుమాటలో ఆ లెక్కలిచ్చారు. మూడేళ్లలో 1034 పెళ్లిళ్లు. అయిదేళ్ల పిల్లలు 99 మంది. ఏడాది పిల్లలు ముగ్గురు. వాళ్ల ధర 350 నుంచి 400 రూపాయలు.

కాంట్రాక్టు చట్టం 1872లోనే వచ్చింది. ఒప్పందం చేసుకునే అర్హత విషయంలో అది ఆడా మగా తేడా చూపలేదు, మేజరై ఉంటే చాలంది. మరి సుబ్బి ఎక్కడుంది? ఆమె ఒప్పందంలో పక్షం కాదు, సరుకు. బేరం ఇద్దరు మగవాళ్ల మధ్యది. పిల్లనిచ్చినందుకు తండ్రికి డబ్బిస్తానన్న ఒప్పందం ప్రజాహితానికి విరుద్ధమనీ, 23వ సెక్షను ప్రకారం చెల్లదనీ మద్రాసు హైకోర్టు ఫుల్‌బెంచి 1908లో తీర్పిచ్చింది. మంచి తీర్పే. అయితే తేలింది తండ్రికి రావలసిన బాకీ సంగతి. పిల్ల చేతికి మాత్రం ఏమీ రాలేదు.

ఇక వితంతువు సంగతి. ఉమ్మడి కుటుంబంలో ఆమెకు దక్కేది మనోవర్తి. విడిపోయిన భర్త ఆస్తి వచ్చినా, బతికినన్నాళ్లు అనుభవించడమే తప్ప, చట్టం ఒప్పుకునే అవసరం లేకుండా అమ్మడానికి వీల్లేదు. మళ్లీ పెళ్లి చేసుకుంటే 1856 చట్టం రెండో సెక్షను ఆ హక్కునీ తీసేసేది. ఆస్తి వరకు ఆమె చనిపోయినట్టే లెక్క. సంతకం చేసే అర్హత ఒక చట్టం ఇచ్చింది. ఆ సంతకానికి విలువనిచ్చే ఆస్తిని మరో చట్టం ఆమెకు దూరంగా ఉంచింది. ఈ రెండూ కలిసి పనిచేసిన తీరు ఇది.

1956లో హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షను స్త్రీ ఆస్తిని పూర్తిగా ఆమెదే చేసింది. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు 1985 సెప్టెంబరు 5 నుంచి మన రాష్ట్రం సమాన వాటా ఇచ్చింది, అప్పటికే పెళ్లయినవాళ్లను మినహాయించి. పెళ్లంటే పిల్లను చేతులు మార్చడమన్న ఆలోచన ఆ మినహాయింపులో ఇంకా మిగిలే ఉంది. 2005లో కేంద్రం దాన్ని తొలగించింది. ఈ హక్కు పుట్టుకతోనే వస్తుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది.

ఇప్పుడు ఆస్తి హక్కుంది. దాన్ని వెనక్కి తీసుకునే పని ఒప్పందం చేస్తోంది. మా వైపు అక్కచెల్లెళ్ల చేత విడుదల దస్తావేజుల మీద సంతకాలు పెట్టించడం మామూలే. పసుపు కుంకుమల కింద ఎంతో కొంత ఇస్తారు. సంతకం పెట్టకపోతే పుట్టింటి గడప దూరమవుతుందని ఎవరూ పైకి అనరు, అందరికీ తెలుసు. సుబ్బి తరపున తండ్రి బేరమాడాడు. ఈనాటి ఆడపడుచు తన వాటాను తన చేత్తోనే వదులుకుంటోంది.

అదే కాంట్రాక్టు చట్టంలో 16వ సెక్షనుంది. పైచేయిగా ఉన్నవాళ్లు ఆ పలుకుబడితో అన్యాయంగా లాభపడితే, ఆ ఒప్పందాన్ని రద్దు చేయించుకునే హక్కు నష్టపోయినవాళ్లకుంటుంది. అన్నదమ్ముల ప్రేమ ఎక్కడ ఆగి ఆ పలుకుబడి ఎక్కడ మొదలవుతుందో కోర్టుకంటే ముందు మన ఇళ్లలో మాట్లాడుకోవాలి, సంతకానికి ముందే.