కంప్యూటరు తెర టీవీకెక్కిన వైనం

కంప్యూటరుకూ టీవీకీ ఉన్న చుట్టరికం వైఫై కన్నా చాలా పాతది. 1970ల చివర ఇళ్లలోకి వచ్చిన చిన్న కంప్యూటర్లలో చాలావాటికి సొంత తెర ఉండేది కాదు. ఇంట్లో ఉన్న టీవీయే వాటికి తెర. అప్పటి టీవీలకు సాధారణంగా యాంటెనా వైరు దూర్చే చోటు తప్ప మరో దారి లేదు. అందుకని కంప్యూటరు తన బొమ్మను రేడియో తరంగం మీదికెక్కించి, తానే ఒక టీవీ స్టేషన్‌లా నటించాల్సి వచ్చేది. ఆ పని చేసే చిన్న రేకు డబ్బా పేరు ఆర్ఎఫ్ మాడ్యులేటర్. 1982లో బ్రిటన్‌లో విడుదలైన జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్ యూహెచ్ఎఫ్ 36వ ఛానెల్‌లో కనిపించేది. ప్రసారమే, కాకపోతే వైరు దాటి బయటికి రాకూడని ప్రసారం.

వస్తే ఇరుగుపొరుగు టీవీల్లో చారలు పడతాయి. 1977లో యాపిల్ 2 వచ్చినప్పుడు అమెరికా ప్రసార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ నిబంధనలకు జడిసి ఆ కంపెనీ మాడ్యులేటర్‌ను యంత్రంతో కలిపి అమ్మలేదు. వేరే చిన్న సంస్థ చేసిన దాన్ని కొనుక్కుని జనమే బిగించుకున్నారు. బొమ్మ గాల్లోకి పోకూడదని అప్పుడు అంత తంటా. ముప్ఫయ్యేళ్ల తర్వాత, అదే బొమ్మను గాల్లోకి పంపడానికి ఇంకా పెద్ద తంటా.

ఆ నడిమి కాలంలో కంప్యూటరూ టీవీ విడిపోయాయి. వరుసకు ఎనభై అక్షరాలు పేర్చితే పాత టీవీలో అన్నీ అలుక్కుపోయేవి కాబట్టి కంప్యూటరు తన మానిటరు తాను తెచ్చుకుంది. 2002 చివర వచ్చిన హెచ్‌డీఎంఐ కేబులు, పలుచని టీవీలు వాటిని మళ్లీ కలిపాయి. మిగిలిన అడ్డు ఆ కేబులొక్కటే.

అయితే ఆ కేబుల్ మోసే బరువు తక్కువది కాదు. 1920 × 1080 చుక్కలు, చుక్కకు 24 బిట్లు, సెకనుకు 60 బొమ్మలు: గుణిస్తే సెకనుకు దాదాపు 300 కోట్ల బిట్లు. అప్పటి ఇళ్లలోని వైఫై అందులో పదో వంతు మోసినా గొప్పే. దీనికి కొందరు దారినే వెడల్పు చేయబోయారు. 2008 నాటి వైర్‌లెస్‌హెచ్‌డీ 60 గిగాహెర్ట్జ్ తరంగాలను నమ్ముకుంది. ఆ తరంగాలకు గోడ అడ్డొస్తే ఇక అంతే. మనిషి అడ్డంగా నడిచినా ఇబ్బందే.

నిలిచిన ఉపాయం రెండోది, బరువును తగ్గించడం. 2010 జనవరిలో ఇంటెల్ ప్రకటించిన వైడై పద్ధతిలో ల్యాప్‌టాపే తన తెరను కుదించి వైఫైలో పంపేది. టీవీకి తగిలించిన నెట్‌గేర్ కంపెనీ డబ్బా దాన్ని విప్పేది. మొదట్లో 720 గీతల బొమ్మే వచ్చేది, కాపీ రక్షణ ఉన్న డిస్కులు ఆడేవి కావు. కుదించి విప్పడానికి పట్టే సమయం మౌస్ దగ్గర బయటపడేది: చెయ్యి కదిలి ఆగిన తర్వాత గానీ టీవీలో బాణం కదిలేది కాదు. సినిమాకు ఇది పట్టింపు కాదు గానీ ఆటలకు ప్రాణసంకటం.

యాపిల్ తన ఎయిర్‌ప్లేతో వేరుకుంపటి పెట్టుకుంది. మ్యాక్ తెర మొత్తం టీవీలో కనబడే వీలు 2012లో వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో వైఫై అలయెన్స్ అందరికీ కలిపి మిరాకాస్ట్ ప్రమాణం తెచ్చింది. రౌటర్‌తో పని లేకుండా రెండు పరికరాలూ నేరుగా మాట్లాడుకుంటాయి. ఆండ్రాయిడ్ 4.2, విండోస్ 8.1 దాన్ని చేర్చుకున్నాయి. ప్రమాణం ఒకటే అయినా టీవీ కంపెనీలు తలా ఒక పేరు పెట్టడంతో, కొన్న టీవీలో అది ఉందో లేదో మెనూలన్నీ గాలిస్తే గానీ తెలిసేది కాదు. మిరాకాస్ట్‌కు చేటు చేసింది సాంకేతికత కన్నా ఈ పేర్ల గందరగోళమే అనిపిస్తుంది.

2013 జూలైలో 35 డాలర్లకు వచ్చిన గూగుల్ క్రోమ్‌కాస్ట్ అసలు లెక్కనే తిరగేసింది. యూట్యూబ్ వీడియో చూడాలంటే బొమ్మను మోయనక్కర్లేదు, అది దొరికే చిరునామా ఫోను నుంచి చెబితే చాలు. టీవీకి తగిలించిన క్రోమ్‌కాస్ట్ పుల్లే ఇంటర్నెట్ నుంచి నేరుగా తెచ్చుకుంటుంది. ఫోను జేబులో పెట్టేసినా సినిమా ఆగదు. క్రోమ్ బ్రౌజరులోని ట్యాబును ఉన్నదున్నట్టు పంపే సదుపాయమూ ఇచ్చారు గానీ, జనం మరిగింది మాత్రం మొదటి పద్ధతికే. 2016లో ఇంటెల్ వైడైకి స్వస్తి చెప్పింది.

తెరను తెరగానే పంపే అవసరం మాత్రం ఆఫీసు సమావేశాల్లోనూ తరగతి గదుల్లోనూ మిగిలింది. 2017లో మైక్రోసాఫ్ట్ మిరాకాస్ట్‌ను ఉన్న నెట్‌వర్కు మీదుగానే నడిచేలా మార్చింది. విండోస్ మీటతో పాటు కె నొక్కితే చుట్టుపక్కల టీవీల జాబితా వస్తుంది. 2019 నుంచి ఎయిర్‌ప్లే ఇతర కంపెనీల టీవీల్లోకీ చేరింది. పుల్ల చేసే పని టీవీలోనే ఇమిడిపోయాక, 2024 ఆగస్టులో గూగుల్ క్రోమ్‌కాస్ట్ తయారీని ఆపేసింది.