వేరుసెనగ సాగు – సర్కారు సాయము

మన సంఘీయులలో అనేకులు అనంతపురము సీమలో వేరుసెనగను నమ్ముకొని బ్రదుకువారు. పంట పోయినపుడు సర్కారువారిచ్చు సొమ్మును గూర్చి గ్రామములలో అందఱును ముచ్చటింతురు గాని, ఆ సాయము ఎట్లు పుట్టి ఎట్లు పెరిగెనో ఎఱిగినవారు తక్కువ. అది ఎఱిగినచో మనము చేయవలసిన పని యొకటి తేటపడును. కావున సంగ్రహముగా విన్నవించెదను.

1800లో నైజాము దత్తమండలములను కుంపిణీవారికి ఇచ్చివేసెను. అచ్చట 1807 వఱకు ప్రధాన కలెక్టరుగా నుండిన తామస్ మన్రో పొలములను కొలిపించి, శిస్తు కట్టు రైతు పేరును లెక్కలకెక్కించెను. నాటినుండి సర్కారునకు తెలిసిన రైతు లెక్కలోని రైతే. 1876–78 నాటి ధాత కరవు పిమ్మట, 1883, 1884 సంవత్సరములలో చేసిన రెండు చట్టములచే బావులు త్రవ్వుటకును, విత్తనములు, పశువులు కొనుటకును తకావీ లభించెను. అది దానము గాదు, తీర్పవలసిన ఋణము.

వేరుసెనగయు మనకు పురాతనపు పంట గాదు. దక్షిణ అమెరికా దాని జన్మభూమి. కొఱ్ఱలు, జొన్నలు పండిన ఎఱ్ఱనేలలను అది ఇరువదవ శతాబ్దమున ఆక్రమించెను. 1940లో తిండివనమునుండి వెలువడిన టి.ఎం.వి.–2 రకము దశాబ్దములపాటు ఇచ్చటి చేలను ఏలెను. నూనెకై విదేశములపై ఆధారపడుట తగ్గింపనెంచి, కేంద్రప్రభుత్వము 1986లో నూనెగింజల సాంకేతిక మిషనును నెలకొల్పెను. 1994లో పామోలీను దిగుమతికి తలుపులు తెఱచుటతో మన గింజలకు పోటీ ఏర్పడెను.

సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురియు ఈ సీమలో ఒక్క పంటనే నమ్ముట సాహసమే. 2000 ఖరీఫున కాండపుకుళ్లు వైరసు తెగులు సుమారు 2,25,000 హెక్టార్ల చేలను చెఱచెను. నష్టము 300 కోట్ల రూపాయలకు మించెనని అంచనా వేసిరి.

ఇట్టి నష్టములకై ఏర్పడినదే పెట్టుబడి రాయితీ. పూర్వము సగము పంట పోయిననే గాని అది లభింపకుండెను. 2015లో ఆ హద్దును 33 శాతమునకు దించి, మెట్టపంటకు హెక్టారు ఒక్కింటికి 4,500 రూపాయలనుండి 6,800 రూపాయలకు పెంచిరి. అదియు రెండు హెక్టార్లకు మించకుండ.

ఐనను మన్రోనాటి చిక్కు తొలగలేదు. 1971 నాటి చట్టముచే వచ్చిన పట్టాదారు పాసుపుస్తకములో పేరున్నవానికే సొమ్ము సులభముగా చేరును. కౌలుదారునకై 2011లో ఋణార్హత పత్రములును, 2019లో సాగుదారు హక్కుపత్రములును వచ్చినవి. 2019 నాటి చట్టమున భూస్వామి సంతకము ఆవశ్యకమయ్యెను. పొలము చేజారునేమో అను భయముచే పలువురు సంతకము చేయరైరి.

నేను ఉపాధ్యాయుడనై యున్న గ్రామమున, ఒక కరవు సంవత్సరమున, కౌలుకు దున్నిన ఒక శిష్యుని తండ్రి పరిహారపు జాబితాను నాచే చదివించుకొనెను. తన పేరు లేదని చెప్పగా, “అయ్యవారూ, ఇంకొకసారి చదవండి” అనెను. మరల చదివితిని. లేదు. విత్తనమునకు అప్పు తెచ్చినవాడు అతడు. సొమ్ము పట్టణముననున్న పట్టాదారునకు పోయెను.

మన సంఘమున పొలము గలవారును గలరు, కౌలు చేయువారును గలరు. పోషకులగు భూస్వాములకు నా ప్రార్థన ఇది: పదునొకండు నెలల ఒప్పందముపై సంతకము చేసినంతమాత్రమున పొలము పోదు, చట్టమే యజమాని హక్కును కాపాడుచున్నది. మీ పేర వచ్చిన పరిహారమును పంట పోగొట్టుకొన్నవానికి చేర్పుడు. ఊరికొక్క చదువుకొన్న యువకుడు ఆ పత్రములు వ్రాయించు భారమును వహించునట్లు ఈ మహాసభ తీర్మానించినచో, సభ జరిగిన ఫలము దక్కినట్లే.