శిశువిహార్ దాటాక: ప్రభుత్వ సంరక్షణలోని పిల్లల చదువుపై ఒక పరిశీలన

హైదరాబాద్‌లో అమీర్‌పేటను ఆనుకుని ఉన్న మధురానగర్‌లో తెలంగాణ మహిళాభివృద్ధి, శిశు సంక్షేమ శాఖ నడిపే శిశువిహార్, కన్నవారు వదిలేసిన లేదా పెంచలేక అప్పగించిన పసివారిని ఆరేళ్ల వయసు వరకు సాకుతుంది. దత్తత కుదిరిన పిల్లలు కొత్త ఇళ్లకు వెళ్లగా, తల్లో తండ్రో ఉండి దత్తతకు వీలుపడని వారు, తీసుకునేందుకు ఎవరూ ముందుకు రాని వారు ఆ వయసు దాటాక మరో బాలల గృహానికి మారతారు. అక్షరాలు కుదురుకోవలసిన ఏటనే అన్నం తినిపించిన ఆయా, పక్క మంచం నేస్తం ఒక్కసారే దూరమవుతారు. ఇలాంటి పిల్లలకు ‘చదువు అబ్బదు’ అని తేలిగ్గా వేసే ముద్రను పక్కనబెట్టి, ముందుగా ఈ చోటుమార్పులను పరిశీలించడం న్యాయం.

2016 జనవరి 15న అమల్లోకి వచ్చిన 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రతి బిడ్డకూ వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక, అంటే ఆరోగ్యం, చదువు, మానసిక అవసరాలను విడివిడిగా రాసిన పత్రం ఉండాలంటుంది. అయితే ఆ పత్రం గృహంలోని ఫైలులోనూ, మార్కులు బడి రిజిస్టరులోనూ ఉంటాయి. రెంటినీ పక్కపక్కన పెట్టి చదవవలసిన విద్యాశాఖ అధికారి ఫలానా అని చట్టం చెప్పలేదు. ఇంగ్లండులో ఇలాంటి పిల్లల బాధ్యత స్థానిక సంస్థలదే కాగా, వారి చదువును కనిపెట్టి ఉండేందుకు ‘వర్చువల్ స్కూల్ హెడ్’ను, అంటే భవనం లేని బడికి ప్రధానోపాధ్యాయుడిని, ప్రతి సంస్థా నియమించాలని 2014 చట్టం నిర్దేశించింది. హైదరాబాద్‌లో ఈ బాధ్యత నగరపాలక సంస్థది కాదు, రాష్ట్ర శాఖది. కాబట్టి అలాంటి పదవిని జిల్లా స్థాయిలో ఊహించుకోవాలి.

బదిలీ పత్రం (టీసీ) ఆలస్యమైందన్న సాకుతో ప్రవేశం నిరాకరించరాదని, బడి ముఖం చూడని బిడ్డను వయసుకు తగిన తరగతిలో చేర్చి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం స్పష్టంగానే చెప్పింది. ఆ శిక్షణ లోపిస్తే పదేళ్ల పిల్ల ఐదో తరగతి బల్ల మీద కూర్చుని, వాచకం తెరిచి, బొమ్మలే చూస్తుంది. రిజర్వేషన్ ధ్రువపత్రాలది మరో చిక్కు. తెలంగాణ వెనుకబడిన తరగతుల జాబితా ‘ఎ’ గ్రూపులో అనాథలకు చోటున్నా, అది పదేళ్ల లోపే తల్లిదండ్రులను కోల్పోయిన వారికే. పదకొండో ఏట అనాథ అయిన బిడ్డ ఆ వరుసలోకి రాదు, అమ్మ జాడ ఉండీ ఆమె పెంచలేని బిడ్డా రాదు. ఈ పదేళ్ల గీతకు విద్యాపరమైన సమర్థన కనిపించదు.

పద్దెనిమిదేళ్లు నిండి గృహం విడిచేవారికి ‘అనంతర సంరక్షణ’ పేరిట ఇరవై ఒకటి దాకా, ప్రత్యేక పరిస్థితుల్లో ఇరవై మూడు దాకా చేయూతనిచ్చే వీలుంది. అయితే రెండేళ్లు వెనకబడి చదివిన బిడ్డకు ఆ పుట్టినరోజు ఇంటర్ నడుమనే వస్తుంది. ఊళ్ల నుంచి వచ్చిన యువత హాస్టల్ అద్దె, కోర్సు ఫీజు కట్టి మైత్రీవనం భవనం చుట్టూ ఉద్యోగ శిక్షణ పొందే అదే అమీర్‌పేటలో, ఆ ఫీజు తమ తరఫున ఎవరు కడతారన్నది ఈ పిల్లలకు ఆ రోజు నుంచే ఎదురయ్యే ప్రశ్న.