మిగిలిపోయిన ట్రైజెమినల్ ధమని

నెల నిండే నాటికి గర్భంలోని పిండం బియ్యపు గింజంత ఉంటుంది. మెదడు వెనుక భాగానికి నెత్తురు అందించాల్సిన వెర్టిబ్రల్ ధమనులు అప్పటికి తయారై ఉండవు. అందుకే కెరోటిడ్ ధమని నుంచి తాత్కాలిక వంతెనలు ఏర్పడతాయి. సొంత దారి సిద్ధం కాగానే కొద్ది రోజుల్లో అవి మూసుకుపోతాయి.

ఎప్పుడో ఒకరిలో ఒక వంతెన మూసుకోదు. వాటిలో ఎక్కువగా కనిపించేది ట్రైజెమినల్ ధమని. వెయ్యి మందిలో ఒకరి నుంచి ఆరుగురి దాకా ఉండొచ్చు. శవపరీక్షలో దీన్ని గుర్తించి 1844లో వర్ణించినవాడు రిచర్డ్ క్వెయిన్. పక్కనుంచి తీసిన ఎమ్మారై చిత్రంలో ఇది గ్రీకు అక్షరం ‘టౌ’ ఆకారంలో కనబడుతుంది.

చాలామందికి దీనివల్ల ఏ బాధా ఉండదు.

ఈ ధమని ఉన్నవారికి మెదడు రక్తనాళాల్లో ఉబ్బులు, అంటే ఎన్యూరిజాలు, ఎక్కువని చాలాకాలం నమ్మారు. ఆ లెక్కలు చాలావరకు అప్పటికే జబ్బుపడి యాంజియోగ్రామ్ చేయించుకున్నవారివి కావడంతో భయం పెరిగిందనుకోవాలి. తర్వాతి పరిశీలనల్లో ఈ ధమని ఉన్నవారిలో ఉబ్బులు కనిపించింది సుమారు 3 శాతం మందిలోనే, అంటే మామూలు జనంలో ఉన్నంతే.

అరుదుగా ఈ ధమని మీదే ఉబ్బు వస్తుంది. అది కంటి వెనుకనున్న కేవర్నస్ సైనస్‌లో పగిలితే కన్ను ఎర్రబడి ముందుకు పొడుచుకొస్తుంది, గుండె కొట్టుకునే లయలోనే తలలో హోరు వినిపిస్తుంది. చికిత్సలో ఈ ధమనిని తొందరపడి మూసేయకూడదు: బేసిలార్ ధమని సన్నగా ఉన్నవారిలో మెదడు కాండానికి నెత్తురు ఈ దారినే అందుతుండవచ్చు.