ఉదరకుహరమునకు గవాక్షము

పిత్తాశయమున రాళ్లు చేరిన రోగి నేడు బొడ్డునొద్ద ఒకటియు, దానికి పైన మూడును చిన్న గాట్లు పెట్టించుకొని, మరునాడో మూడవనాడో నడచి ఇల్లు చేరుచున్నాడు. పూర్వమాతనికి ప్రక్కటెముకల క్రింద జానెడు కోతయు, దినములకొలది మంచమును తప్పెడివి కావు.

విచిత్రమేమనగా, చిన్న గాట్ల గుండ దర్శకనాళమును దూర్చి లోన చూచుచు చేయు ఈ విద్య కోతను తగ్గించుటకై పుట్టినది కాదు. డ్రెస్డెన్ నగర వైద్యుడు గేయోర్గ్ కెల్లింగ్, ఉదరములోని రక్తస్రావమును గాలి యొత్తిడిచే అరికట్టవచ్చునని తలచి, ఆ యొత్తిడికి లోని యవయవములేమగునో కన్నులార చూడగోరి, 1901లో హాంబర్గున జరిగిన శాస్త్రజ్ఞుల మహాసభలో ఒక కుక్క కడుపును గాలితో నింపి, మూత్రకోశపరీక్షకై నిట్జె నిర్మించిన దర్శకనాళమును అందు దూర్చి చూపెను. రక్తము నాపు యత్నము మూలబడినది. చూచు నుపాయము నిలిచినది. 1910లో స్టాక్‌హోమున వైద్యుడు యాకోబేయస్ దీనిని మనుష్యులయందు ప్రయోగించి ప్రకటించెను. హంగరీ వైద్యుడు వెరెష్ 1938లో క్షయరోగుల రొమ్మున గాలి నింపుటకై వెలువరించిన స్ప్రింగు సూది, మొన లోనికి దిగినంతనే మొద్దుకొన ముందునకు వచ్చి అవయవములను కాచునదగుటచే, పిదప ఉదరమునకు వలసవచ్చి నేటికిని ఆతని పేరనే చెల్లుచున్నది. గాలి స్థానమును బొగ్గుపులుసువాయువు ఆక్రమించెను. అది మండదు, రక్తమున సులభముగా కరగి ఊపిరితో వెడలిపోవును.

అయినను చిరకాలము ఈ నాళము స్త్రీరోగవైద్యుల సొత్తుగనే యుండెను. మన పల్లెలును దీనిని మొదట ఎరిగినది కుటుంబనియంత్రణ శిబిరములలోనే గదా! కీల్ నగర స్త్రీరోగవైద్యుడు కుర్ట్ సెమ్ 1980లో దీని సాయమున అపెండిక్సును తొలగింపగా, ఆతనిని వృత్తినుండి తప్పింపవలెనని శస్త్రవైద్యులు పట్టుబట్టిరి. ఆతని మార్గమున బోబ్లింగెన్ అను చిన్న పట్టణమున ఎరిఖ్ మ్యూయె 1985 సెప్టెంబరు 12వ తేదీన పిత్తాశయమును తీసి, మరుసటి యేట జర్మన్ శస్త్రవైద్యసంఘ సభలో నివేదింపగా ఎగతాళియే దక్కినది. దీనిని వట్టి యహంకారమని నేననను. కనబడని చోట కత్తి పెట్టరాదను జాగ్రత్తయు నందు కలదు, తొలినాళ్లలో పిత్తనాళములు తెగిన యుదంతములును పెక్కు గలవు. కాని ఎదుటనున్నది చూడనొల్లని మొండితనమును మాత్రము క్షమింపజాలను.

1987లో లియోన్ నగరమున ఫిలిప్ మూరే ఇదే చికిత్స చేసిన పిమ్మట కథ మారినది. దానికి కారణము టెలివిజన్ కెమెరా. అంతకుమున్ను నాళమునకు కన్నానించిన యొక్కనికే లోపలి దృశ్యము గోచరించెడిది. తెరపై బొమ్మ పడగనే సహాయకులందరును చూచుచు చేయి కలుపుటకు వీలాయెను. 1990లో బొంబాయి జె.జె. ఆసుపత్రిలో టెహెమ్టన్ ఉద్వాడియా భారతదేశమున తొలిసారిగా ఈ రీతిని పిత్తాశయమును తొలగించెను. హెర్నియాలును, ప్రేగుల చికిత్సలును క్రమముగా ఈ దారినే పట్టినవి.

ఇక మ్యూయె సంగతి: ఆతనిని ఎగతాళి చేసిన శస్త్రవైద్యసంఘమే 1992లో ఆతనికి పురస్కారమిచ్చి సత్కరించెను.