ఫోను మార్చు వాడుక: సైబరాబాదు చరిత్రలో ఒక అధ్యాయము

ప్రతి సంవత్సరమును సెప్టెంబరు మాసమున క్రొత్త ఐఫోను విపణికి వచ్చునప్పటికి హైదరాబాదున సైబరాబాదు అనబడు మాదాపురము, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ ప్రాంతములందలి కార్యాలయములలో ఒక ప్రశ్న తలయెత్తుట పరిపాటి: చేతనున్న ఫోనును మార్చవలయునా, మరియొక యేడు దీనితోనే గడుపవలయునా? ఇది ఎవరి రుచికిని ఎవరి జీతమునకును తగినట్లు వారే తేల్చుకొనవలసిన స్వవిషయమని తోచును గాని, ఈ ప్రశ్నకు ఈ పట్టణమున ముప్పది యేండ్ల చరిత్ర గలదు. ఆ ముప్పది యేండ్లలో ఫోను మార్చుటవలన మనుష్యుని దినచర్య నిజముగ మారిన సందర్భములు మూడో నాలుగో మాత్రమే. అవి యన్నియు సుంకములందును, తరంగములందును, ప్రభుత్వ విధానములందును, అనగా యంత్రమునకు వెలుపల జరిగిన మార్పులచేతనే కలిగినవి గాని, అంగడిలో నూతన నమూనా వెలసినంతమాత్రమున కలిగినవి కావు. ఈ సంగతి విస్మృతమగుటచేతనే నేటి యువజనులు అనవసరముగ ఋణభారమును మోయుచున్నారని నా దృఢ విశ్వాసము.

1990 దశకపు తొలి యేండ్లలో మాదాపురము నగరమునకు వెలుపలి పల్లె. గోలకొండ సుల్తానుల కాలమునాటి దుర్గం చెరువు, దాని చుట్టును ఒకదానిపై నొకటి పేర్చినట్లున్న రాతిగుండ్లు, ఆవల గచ్చిబౌలిలో 1974లో స్థాపితమైన విశ్వవిద్యాలయము — ఇంతకుమించి అచ్చట చెప్పదగినది అల్పము. ఆ దినములలో నగరవాసియగు గృహస్థు టెలిఫోను కోరినచో, దరఖాస్తు పెట్టి ఏండ్ల తరబడి తన వంతుకై వేచియుండవలసినదే. అట్లు వేచి వేచి సాధించిన యంత్రమును మార్చు ప్రసంగమే లేదు. అది టెలిఫోను శాఖవారి సొత్తు; ముందుగదిలో మేజాబల్లపై కుట్టుపనిగుడ్డ కప్పుకొని ఇరువది యేండ్లయినను అట్లే యుండెడిది. సనత్‌నగరపు ఆల్విన్ కర్మాగారమున పుట్టిన ఫ్రిజ్జు తండ్రినుండి కుమారునకు సంక్రమించిన కాలమది. వస్తువు మన్నినంతకాలము దానిని వాడుట లోభమనిపించుకొనలేదు.

ఇంట టెలిఫోను లేనివారికి ఎస్.టి.డి. బూతులే శరణ్యము. అమీర్‌పేట గదులలో అద్దెకుండి కంప్యూటరు విద్య నభ్యసించిన యువకులు, రాత్రి పదునొకండు గంటలు దాటి పావురేటు ప్రారంభమగువరకు మేల్కొనియుండి, పసుపుపచ్చ పలక తగిలించిన బూతుల యెదుట బారులు తీరి, గుంటూరుననో ఖమ్మముననో యున్న తల్లిదండ్రులతో నాలుగు మాటలాడి వచ్చుచుండిరి. ఎర్రని అంకెలు పరుగెత్తు మీటరుపై ఒక కన్నుంచి, చెప్పదలచిన దానిలో సగము దిగమ్రింగి మాటలాడుట ఆ తరమువారందరును ఎరిగిన విద్య.

1995 జూలై 31వ తేదీన పశ్చిమ వంగ ముఖ్యమంత్రి జ్యోతి బసు కలకత్తానుండి ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో సంభాషించుటతో దేశమున చేతిఫోను శకము ఆరంభమయ్యెను. అనతికాలముననే ఆంధ్రప్రదేశమునందు టాటా సెల్యులార్, జె.టి. మొబైల్స్ అను రెండు సంస్థలు సేవలు నెలకొల్పినవి. 1998 నవంబరు 22వ తేదీన ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి మాదాపురమున సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించునాటికి, నగరమున చేతిఫోను కలిగియుండుట కాంట్రాక్టర్లకును, వైద్యులకును, పెద్ద అధికారులకును మాత్రమే చెల్లిన వైభవము. తొలినాళ్లలో నిమిషమునకు 16 రూపాయల వరకు రుసుము. అంతేకాదు, ఇతరులు పిలిచినపుడు ఎత్తినందులకును మూల్యము చెల్లింపవలసియుండెను.

ఈ నిర్బంధమునుండియే మిస్డ్ కాల్ అను లౌకికాచారము పుట్టినది. ఒకసారి మ్రోగి ఆగినచో చేరుకొంటినని అర్థము. రెండుమారులు మ్రోగినచో మీరే పిలువుడని అర్థము. సాయంకాలము ఆరు గంటలకు మ్రోగినచో బస్సు ఎక్కితినని అర్థము. ఇంటింటికి వేర్వేరు సంకేతములు ఏర్పడినవి. కాసు వెచ్చింపక కుశలమును తెలుపు ఈ భాషను ఏ సంస్థయు రూపొందింపలేదు. సామాన్య జనులే తమ అవసరముకొలది కల్పించుకొనిరి. నాటి ఫోనులందు ఏది క్రొత్తది, ఏది పాతది యను విచారము అంతగా లేకుండుటకు కారణమిదియే. ఫోను వెలకంటె మాట వెల యెక్కువయైనప్పుడు యంత్రమును మార్చి ప్రయోజనమేమి?

ఈ స్థితిని తారుమారు చేసి తొలి గొప్ప మలుపు తెచ్చినది విధానము. 1999నాటి నూతన టెలికాం విధానము సంస్థలపైనున్న లైసెన్సు రుసుముల భారమును తగ్గించి ఆదాయములో వాటాగా మార్చెను. 2002 అక్టోబరున బి.ఎస్.ఎన్.ఎల్. చేతిఫోను సేవలు మొదలైనవి. 2003 మే మాసమునుండి వచ్చు పిలుపులు ఉచితములైనవి. అదే సంవత్సరము జూలైలో రిలయన్స్ సంస్థ 501 రూపాయలు తొలుత కట్టినవారికి ఫోనును చేతికిచ్చెను. ఆ ఒక్క యేటిలో ఫోను లేనివాడు ఫోనుగలవాడయ్యెను. ఇంతటి పరివర్తనమును ఆ తరువాత వచ్చిన ఏ నమూనాయు తీసికొనిరాలేదు. ఆ సంవత్సరముననే వెలువడిన నోకియా 1100, ధూళి చొరని మీటలతోను, కొసన చిన్న టార్చి దీపముతోను, లోకమున 25 కోట్లకు పైగా అమ్ముడుపోయినది. మాదాపురమున లేచుచున్న భవనములకు ఇటుకలు మోసిన కూలీ చేతను, ఆ భవనములలో కూర్చుండ వచ్చిన ఇంజనీరు చేతను ఒకే ఫోను ఉండిన కాలము అది. అట్టి సమానత్వము మరల ఈ ప్రాంతమున కనబడలేదు.

ఆబిడ్స్‌లోని జగదీష్ మార్కెట్టు ఆ దశాబ్దముననే చేతిఫోనుల వైద్యశాలగా ప్రసిద్ధి కెక్కినది. సైబరాబాదు చరిత్ర వ్రాయువారు అద్దాల మేడలను వర్ణించి ఈ ఇరుకు సందులను మరచుట న్యాయము కాదు. మనిషి నిలువ చోటు చాలని అంగడి, పైన దీపము, చేత భూతద్దము, ప్రక్కన వేడిగాలి విసరు తుపాకి, మల్టీమీటరు. ఇంతే ఆ శిల్పి సామగ్రి. చార్జింగు పిన్ను మార్చుట, నీట పడిన ఫోనును విప్పి బోర్డును కడిగి ఆరబెట్టుట, ఎచ్చట షార్టయినదో వెదకి పట్టుట, వదులైన చిప్పును పెరికి క్రొత్త సీసపుబిందువులు పేర్చి మరల అతికించుట మొదలగు పనులను ఏ కళాశాలలోను చదువని యువకులు, అన్నల యొద్దను మామల యొద్దను కూర్చుండి నేర్చిరి. పగిలిన ఫోను చూపగానే, కాంబో, అనగా తెర మొత్తము, మార్చవలయునా అద్దము మాత్రమే చాలునా యని వ్రేలితో తడిమి చెప్పగల నేర్పు వారిది; ఒరిజినల్ వేయుదునా, కాపీ వేయుదునా యని ముందుగనే యడిగి రెండింటి వెలయు చెప్పుట అచ్చటి మర్యాద. ఫోను మార్చవలయునా వలదా యను ప్రశ్నకు ఈ నగరమున తొలి న్యాయాధిపతులు వారే. ఇక దీనికి ఖర్చు పెట్టుట దండుగయని వారు పలికిన పిమ్మటనే గృహస్థు క్రొత్తదానికై బయలుదేరెడివాడు.

2007లో అమెరికాలో ఐఫోను వెలువడినప్పుడు అది మన దేశమున దొరకకుండెను. ఆన్‌సైట్ పనిమీద అటువెళ్లి తిరిగివచ్చిన ఇంజనీర్లు దానిని సంచిలో పెట్టుకొని వచ్చి, అచ్చటి సంస్థకు కట్టుబడియున్న తాళమును ఈ నగరపు అంగళ్లలోనే విప్పించుకొనిరి. మరుసటి సంవత్సరము ఆగస్టు 22వ తేదీన ఐఫోను 3జీ దేశమున అధికారికముగ విడుదలయైనది. 8 జీబీ ఫోను వెల 31,000 రూపాయలు. తొలి యుద్యోగమున చేరిన ఇంజనీరునకు నాడు సంవత్సరమునకు సుమారు మూడు లక్షల జీతము గనుక, అది నెలకు పైచిలుకు సంపాదన. 2024లో ఐఫోను 16 వెల 79,900 రూపాయలతో ఆరంభమైనది. తొలి జీతము మాత్రము పెక్కు సంస్థలలో మూడున్నర లక్షల దరిదాపులనే నిలిచియున్నది. అనగా ఒకప్పుడు నెలకు పైచిలుకు కష్టమునకు లభించిన గౌరవచిహ్నమునకు నేడు దాదాపు మూడు నెలల కష్టము ధారవోయవలయును. పదునారేండ్లలో ఈ ప్రాంతమున భవనములు పెరిగినవి, అద్దెలు పెరిగినవి, ఫోనుల వెలలు పెరిగినవి. క్రొత్తగా చేరువాని జీతము మాత్రము అంతగా పెరుగలేదు. ఈ అన్యాయమును తలచినపుడెల్ల నా మనస్సు కలగుచుండును.

రెండవ గొప్ప మలుపు 2016 సెప్టెంబరు 5వ తేదీన జియో సేవలతో వచ్చినది. దాని మాటలు 4జీ తరంగములపైననే సాగుటచే పాత ఫోనులు నిరుపయోగములై, జనులు వేలకొలది క్రొత్తవి కొనిరి. రెండు నెలలు తిరిగిన వెంటనే పెద్దనోట్ల రద్దు సంభవించి, ఏ.టి.ఎం.ల యెదుట నిలిచి వేసారిన జనులకు ఫోనుద్వారా చెల్లింపులు అలవాటగుట కారంభించినవి. ఆ సంవత్సరమున ఫోను మార్చినవాడు తన ధనమునకు తగిన ఫలమును నిస్సందేహముగ పొందినాడు. అందులకు ఖరీదైన ఫోను అక్కరలేకుండెను గూడ. హైదరాబాదుననే పుట్టిన సెల్కాన్ వంటి సంస్థల ఫోనులును, ఆంధ్రప్రదేశపు శ్రీసిటీలో కూర్పబడి 2015 ఆగస్టున విశాఖపట్టణమున 6,999 రూపాయలకు విడుదలయైన రెడ్‌మి 2 ప్రైమ్ వంటివియు సామాన్యునకు అందుబాటున నుండినవి.

ఇంతలో సైబరాబాదే ఫోనుల జన్మస్థానములలో నొకటి యయ్యెను. 2016 మే 19వ తేదీన ఆపిల్ అధిపతి టిమ్ కుక్ స్వయముగ విచ్చేసి నానక్‌రాంగూడలో పటముల అభివృద్ధి కేంద్రమును ప్రారంభించెను. 2019లో వన్‌ప్లస్ తన పరిశోధనశాలను నెలకొల్పెను. క్వాల్‌కామ్ ఇంజనీర్లు ఇచ్చటనే ఫోనుల చిప్పులపై శ్రమించుచున్నారు. నిన్నటి ఫోనును పాతబరచు పనిలో పగలంతయు మునిగియున్నవారే సాయంకాలము వాయిదాలపై క్రొత్త ఫోను కొనుటకు అంగడికి పోవుదురు.

ఆ వాయిదాల సంగతియే కొంత విస్తరించి చెప్పవలసియున్నది. వడ్డీ లేని వాయిదా యనునది లేనేలేదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరుననే బ్యాంకులకు స్పష్టముగ తెలియజేసెను. తదాదిగా బ్యాంకు వడ్డీ వేయుచునేయున్నది. ఆ మేరకు అమ్మకందారు వెలలో తగ్గించి చూపును. ఆ వడ్డీపై 18 శాతము జి.ఎస్.టి.యు, ప్రాసెసింగు రుసుమును కొనువానిమీదనే పడును. రొక్కమిచ్చి కొన్నచో దొరకియుండెడి తగ్గింపు చేజారును. ఫోను వెలలోనే 2020 ఏప్రిల్ నుండి 18 శాతము పన్ను ఇమిడియున్నది గనుక, 79,900 రూపాయలలో సుమారు 12,000 పన్నుకే చెల్లును. పన్నెండు వాయిదాలు తీరునప్పటికి మరుసటి నమూనా గాజు అల్మారాలో సిద్ధముగ నుండును.

5జీ కథ ఈ విషయమును మరింత విశదము చేయును. దేశమున 5జీ ఫోనుల అమ్మకము 2020 ఫిబ్రవరిలోనే మొదలైనది. భవిష్యత్తునకు సిద్ధపడుచున్నామను నమ్మికతో ఎందరో అధికమూల్య మిచ్చి కొనిరి. తరంగములు మాత్రము 2022 అక్టోబరున గాని రాలేదు. ఎయిర్‌టెల్ తొలి యెనిమిది నగరములలో హైదరాబాదును చేర్చెను. జియో నవంబరు 10వ తేదీన వచ్చెను. 2020లో ఐఫోను 12 కొన్నవారికి, సాఫ్టువేరు మార్పు అందిన 2022 డిసెంబరున గాని 5జీ పలుకలేదు. రెండేండ్ల కాలము వారు వాడని సౌకర్యమునకు వెల యిచ్చిరి. నెట్‌వర్కు వచ్చిన పిమ్మట కొన్నవారు అదే సౌకర్యమును తక్కువ ధరకు పొందిరి.

ఇక పాతబడుట యనగా నేమి? ఫోను మందగించినదని, హ్యాంగగుచున్నదని చెప్పువారిలో అనేకుల యిబ్బంది బ్యాటరీ క్షీణించుటయే. 2017 డిసెంబరున ఆపిల్ సంస్థ, బ్యాటరీ శిథిలమైన ఐఫోనుల వేగమును తానే తగ్గించుచున్నట్లు అంగీకరించి, మరుసటి సంవత్సరమంతయు బ్యాటరీ మార్పు రుసుమును అమెరికాలో 79 డాలర్లనుండి 29 డాలర్లకు దించినప్పుడు, పారవేయదలచిన ఫోను మరల చురుకుగా పనిచేయుట చూచి లోకము విస్తుపోయెను. జగదీష్ మార్కెట్టు శిల్పులకు ఇది ఏనాడో తెలిసిన రహస్యము.

నిజమైన గడువు భద్రతాసవరణలు నిలిచిపోవు దినము. అవి ఆగిన ఫోనుతో బ్యాంకు లావాదేవీలు నడుపుట ప్రమాదకరము. 2025 జనవరి నుండి ఆండ్రాయిడ్ కిట్‌క్యాట్ ఫోనులలో వాట్సాప్ పనిచేయకపోవుట అట్టి గడువునకు నిదర్శనము. ఈ గడువు ఇప్పుడు దీర్ఘమైనది. 2023 అక్టోబరున గూగుల్ తన పిక్సెల్ 8 ఫోనునకును, 2024 జనవరిలో శామ్‌సంగ్ తన ఎస్24 ఫోనునకును ఏడేసి సంవత్సరముల సవరణలు వాగ్దానము చేసినవి. ఆ లెక్కన 2024లో కొన్న ఎస్24 మధ్యలో ఒకటి రెండు బ్యాటరీలు మార్చుకొని 2031 వరకు నడువవలయును. భారత ప్రభుత్వము 2023 మార్చిలో ప్రకటించిన దార్శనిక పత్రము, తరంగములలో తరువాతి మార్పగు 6జీ సేవలకు పెట్టుకొన్న లక్ష్యము 2030. ఆ తరంగములకు సంబంధించిన పరిశోధనలు కందిలోని ఐ.ఐ.టి. హైదరాబాదు ప్రయోగశాలలలో ఇప్పటికే సాగుచున్నవి. అంతవరకు వచ్చు నమూనాలలో కెమెరా మెరుగుపడును, పేరు చివరి అంకె పెరుగును.