పల్లె, హళ్ళి, పళ్ళి

రాయచూరు జిల్లాలో తెలుగు మాట్లాడే ఇంటి బిడ్డ ఇంట్లో ‘పల్లె’ అంటుంది, వీధిలో ‘హళ్ళి’ అంటుంది. ఇవి ఒకే ద్రావిడ పదానికి రెండు రూపాలు. పాత కన్నడంలో మాట మొదటనున్న ‘ప’కారం సుమారు 10వ శతాబ్ది నుండి క్రమంగా ‘హ’కారమైనది. కనుకనే మన పాలు కన్నడంలో హాలు, పులి హులి, పాము హావు.

ఇక్కడ రూపం మారినా ఊరనే అర్థం నిలిచినది. తమిళంలో రూపం నిలిచి, అర్థం విస్తరించినది. జైన, బౌద్ధ సన్యాసుల నివాసం ‘పళ్ళి’; వారు చదువు చెప్పిన చోటు గనుక అదే బడికి పేరైనది. మలయాళంలో చర్చిని, మసీదును కూడా ‘పళ్ళి’ అంటారు.

ఐరోపాలోనూ ఇట్టిదే జరిగినది. తీరిక అనే అర్థం గల గ్రీకు ‘స్ఖోలే’ లాటిన్‌లో ‘స్కోలా’ అయి, ఆంగ్లంలో ‘స్కూల్’గా, జర్మనులో ‘షూలె’గా, ఫ్రెంచిలో ‘ఎకోల్’గా బడికి పేరైనది.

1956లో హైదరాబాదు రాష్ట్రం నుండి మైసూరు రాష్ట్రంలో కలిసిన జిల్లా ఇది. ఇక్కడి తరగతిలో బిడ్డ ‘పల్లె’ అని వ్రాస్తే, ఉపాధ్యాయులారా, కొట్టివేయకండి. పక్కనే ‘హళ్ళి’ వ్రాయించి, పాలు, పులి, పాములకు జతలు వెదకమనండి. ఇంటి భాషే కన్నడానికి దారి చూపుతుంది.